చివరి దశ వైద్యం గురించి నాన్నని ఎలా అడగాలి?

ప్రశ్న:
నాన్నగారికి 76 ఏళ్లు. గుండె బాగా బలహీనపడింది, మాటిమాటికీ ఆయాసం వచ్చి అడ్మిట్ చేయాల్సి వస్తోంది. బుర్ర మాత్రం చురుగ్గానే ఉంది, పేపర్ అక్షరం వదలకుండా చదువుతారు. రేపు ఆయన మాట్లాడలేని స్థితిలో ఉండి, వెంటిలేటర్ పెట్టమంటారా అని డాక్టర్ మమ్మల్ని అడిగితే ఏం చెప్పాలి? అన్నయ్య ఎంతదాకా అయినా చూద్దాం అంటాడు, చెల్లి ఆయన్ని ఇంకా బాధపెట్టొద్దంటుంది, నాన్నని మాత్రం ఎవరం అడగలేదు. నేను కదిపితే అమ్మ "శుభం పలకవే" అని లేచి వెళ్లిపోతుంది. ఎలా మొదలుపెట్టాలి? రాయించి పెట్టుకోవాలా?

ఐసీయూ నర్సు:
ఆయన మాట్లాడగలిగినప్పుడే అడగండి, ఆలస్యం చేయొద్దు. కానీ "వెంటిలేటర్ కావాలా" అని అడగకండి, ఆ ప్రశ్నకి ఎవరైనా భయపడి ఏదో ఒకటి చెప్పేస్తారు. ఎలా ఉన్నా ప్రాణం ఉంటే చాలనుకుంటారా, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి వస్తే ఇక చాలనిపిస్తుందా, చివర్లో ఇంట్లోనే ఉండాలనుందా, అవి అడగండి.

వెంటిలేటర్ అంటే నోట్లోంచి గొంతులోకి గొట్టం, మాట రాదు, లాగేసుకోకుండా చాలాసార్లు మత్తులో ఉంచుతాం. అలాగని అసలే వద్దని రాసేయడమూ సరికాదు, న్యుమోనియా లాంటిదైతే కొన్నాళ్లకి తీసేశాక ఇంటికెళ్లేవాళ్లున్నారు. "కొద్ది రోజులు చూడండి, మెరుగు లేకపోతే ఆపండి" అనే దారి కూడా ఉందని డాక్టర్‌తో మాట్లాడండి, చాలామందికి ఇది తెలీదు. సీపీఆర్, అంటే ఆగిన గుండెని మళ్లీ కొట్టుకునేలా చేయడానికి ఛాతీ నొక్కడం, దాని సంగతి వేరు. ఛాతీ మీద అంత గట్టిగా నొక్కితే పెద్దవాళ్లకి పక్కటెముకలు విరగడం మామూలే. ఆసుపత్రిలో ఉండగానే గుండె ఆగిన పెద్దవాళ్లలో కూడా బతికి డిశ్చార్జ్ అయ్యేది సుమారు ఐదారుగురిలో ఒకరు, జబ్బు ముదిరినవాళ్లలో ఇంకా తక్కువ.

ఆయనకి ఐసీడీ, అంటే గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం, ఉందా? ఉంటే దాని గురించి తప్పకుండా మాట్లాడండి. ఆఖరి గంటల్లో కూడా అది షాకులు ఇస్తూనే ఉండొచ్చు, మనిషికి చాలా నొప్పి, చూసేవాళ్లకి నరకం. ఆపరేషన్ లేకుండా బయట నుంచే ఆ షాకుల్ని ఆపేయొచ్చు, ఆపినంత మాత్రాన గుండె ఆగిపోదు.

అమ్మని చూసుకున్న కొడుకు:
మాకు నాన్న మనసు తెలుసులే అని మాత్రం అనుకోవద్దండి. 16 పరిశోధనల్ని కలిపి చూసిన 2006 నాటి ఒక సమీక్షలో, రోగి ఏం కోరుకుంటారో దగ్గరివాళ్లు సరిగ్గా చెప్పగలిగింది 68 శాతం సందర్భాల్లోనే.

కాగితం కంటే ముందు, తన తరఫున ఎవరు మాట్లాడాలో నాన్ననే చెప్పమనండి. పెద్దకొడుకు అని కాదు, ఎదురుగా అన్నదమ్ములు ఏడుస్తున్నా "నాన్న ఇది వద్దన్నారు" అని నిలబడి చెప్పగలిగే మనిషి కావాలి. ఆ మాట ముగ్గురూ ఒకేచోట, ఆయన నోటి నుంచే వినాలి. మా ఇంట్లో గొడవ రాకుండా ఆపింది అదే. ఆ తర్వాత రాయించండి. సాక్షులు, సంతకాల రూల్స్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, మీ దగ్గరేంటో కనుక్కోండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే రాసి ఏం లాభం? ఒక కాపీ డాక్టర్ ఫైల్లో, ఫొటో అందరి ఫోన్లలో ఉండాలి. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు.

మరో సభ్యురాలు:
అమ్మగారితో విడిగా కూర్చోండి, ఆవిడది కోపం కాదు, భయం. "వైద్యం ఆపేద్దామని కాదమ్మా, ఆయన చెప్పినట్టే జరగాలని" అనండి. పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే వైద్యం చేసేవాళ్లని ఇప్పుడే కలవండి, మందులు నడుస్తుండగానే ఆయాసం, నొప్పి, నిద్ర వాళ్లు చూస్తారు. అది ఆఖరి వారానికే అనుకుని చాలామంది ఆలస్యం చేస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఐసీడీ ఉందండి. షాకులు ఆపొచ్చన్న సంగతే మాకెవరూ చెప్పలేదు. వచ్చే చెకప్‌కి అన్నయ్యని, చెల్లిని కూడా రమ్మని, నాన్న ముందే డాక్టర్‌ని అడుగుతాను. అమ్మతో ఈరోజే మాట్లాడతాను.