పిరి చాలని పట్టా, పురి చాలని పట్టా?

ప్రశ్న అడిగినవారు: ఇటలీలోని బొలోన్యాలో 1341లో పట్టుదారపు నీటి మిల్లుకు అనుమతి పొందిన బొలొనీనో గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఆంగ్లంలో ఆ పనిని ‘త్రో’ అనడం చూసి మొదట ‘పట్టు విసిరే మిల్లు’ అని రాసి, సిగ్గుపడి కొట్టివేశాను. పాత ఆంగ్లంలో ఆ మాటకు మెలిపెట్టడమని అర్థం. అప్పటినుంచి మా అమ్మమ్మ మాట వేధిస్తోంది: “పిరి చాలని పట్టు పడుగుకు రాదు.” మెలి చాలని పట్టు మగ్గం మీది నిలువు పోగులకు, అంటే పడుగుకు, పనికిరాదని. ఆమె ‘పిరి’ అన్నదా, ‘పురి’ అన్నదా?

ధర్మవరం సభ్యుడు: పురి అనే అని ఉంటారు. కిరాణా కొట్టులో పొట్లానికి చుట్టేది పురికొస గాని పిరికొస కాదు కదా.

విశ్రాంత అధ్యాపకుడు: అలాగైతే ‘ముప్పిరిగొను’ను కూడా ‘ముప్పురిగొను’ అని దిద్దుతారా? యతి చూద్దామన్నా ‘పి’, ‘పు’ రెండూ ‘ప’తో పొసగవు.

ధర్మవరం సభ్యుడు: సామెతకు యతి ఎందుకండీ?

మరొక సభ్యురాలు: రెండు మాటలూ ఉండవచ్చు. బొలోన్యా యంత్రంలో నిలువు కదుళ్లు గుండ్రని చట్రం చుట్టూ వరుసలు తీరి ఉంటాయి. నీటి చక్రం లోపలి చట్రాన్ని తిప్పుతుంటే, దానికి బిగించిన పట్టీలు కదుళ్లను రాసుకుంటూ పోయి వాటిని గిరగిరా తిప్పుతాయి. కండె మీది పోగు పైకి నిదానంగా చుట్టుకుంటుంది గనుక ఆ వేగాల తేడాను బట్టి మెలి బిగుస్తుంది. పడుగు పట్టుకు ముందు విడి పోగును ఒక దిక్కుకు, తర్వాత రెండింటిని జోడించి ఎదురు దిక్కుకు మెలిపెడతారు. పెట్టే మెలి పురి, మెలి తిరిగిన పోగు పిరి అని నా ఊహ.

విశ్రాంత అధ్యాపకుడు: ఊహ అందంగా ఉంది. ప్రయోగం ఒక్కటి చూపండి.

ధర్మవరం సభ్యుడు: మొదటి అక్షరం పట్టుకుని ‘పడుగు’ను వదిలేశారు. మగ్గం మీద లాగుడును, దువ్వెనలాంటి పన్నె రాపిడిని తట్టుకోవలసింది పడుగే. అడ్డంగా నేసే పేకకు వదులు మెలి చాలు. ఇంగ్లండులో డెర్వెంట్ నది ఒడ్డున డెర్బీలో లోంబ్ సోదరులు కట్టిన మిల్లులో తీసిందీ పడుగు పట్టే. థామస్ లోంబ్ 1718 నాటి పేటెంటును పార్లమెంటు 1732లో పొడిగించక, 14,000 పౌండ్లిచ్చి సరిపెట్టింది.

ప్రశ్న అడిగినవారు: మా పిన్నికి ఫోన్ చేశాను. అమ్మమ్మ అనేది “వడి చాలని పట్టు” అట! ఇక ‘నీటి వడితో దారానికి వడిపెట్టే మిల్లు’ అని రాస్తే ఒప్పుకుంటారా?

విశ్రాంత అధ్యాపకుడు: వేగమనే ‘వడి’, మెలి అనే ‘వడి’, ఆ రెండూ ఒకటేనా అన్నది ముందు తేల్చాలి.