'నీ ఇష్టం' అన్న రెజాదా తప్పు, 'సరే' అన్న లైలాదా?

సెకండ్‌షో:
దారియుష్ మెహర్జూయి తీసిన ఇరాన్ సినిమా 'లైలా' (1997) రాత్రి చూశాను. నిద్ర పట్టలేదు. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. టెహ్రాన్‌లో కలిగిన కుటుంబాలు. లైలా, రెజా కొత్తగా పెళ్లయినవాళ్లు, ఒకరంటే ఒకరికి ప్రాణం. లైలాకు పిల్లలు పుట్టరని తెలుస్తుంది. నాకు పిల్లలు అక్కర్లేదు, నువ్వు చాలు అంటాడు రెజా. వాళ్లమ్మ ఊరుకోదు. ఒక్కగానొక్క కొడుకు, వంశం నిలవాలి, రెండో పెళ్లి చేయాల్సిందే అని కోడలికి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి లైలానే మొగుణ్ణి ఒప్పించి, అతని పెళ్లిచూపులకు కారులో తోడు వెళ్తుంది. కింద కథంతా వచ్చేస్తుంది, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

అత్తగారి సంగతి వదిలేద్దాం, ఆవిడ ఎలాంటిదో మొదట్లోనే తెలిసిపోతుంది. ఈ ఇద్దరిలో తప్పెవరిది? నా ఓటు లైలాకే. ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. 'వద్దు' అని ఒక్క మాట అంటే అయిపోయేది.

పచ్చిమిర్చి:
ఒక్క మాటట! కోడలిగా ఒక్క వారం ఉండి చూడండి సార్, ఆ మాట ఎంత బరువో తెలుస్తుంది.

గోదారిగట్టు:
సెకండ్‌షో గారూ, ఈ సినిమా నేను మూడుసార్లు చూశాను. మొదటిసారి అత్తగారి మీద కోపం, రెండోసారి లైలా మీద. మూడోసారికి గానీ రెజా కనబడలేదు.

అతను ఏమంటాడో గమనించండి. నాకు ఇష్టం లేదు, నువ్వు వద్దంటే చేసుకోను. వినడానికి ఎంత బాగుంది! కానీ వాళ్లమ్మకు ఫోన్ చేసి 'ఇంకోసారి నా పెళ్లాంతో ఈ మాట ఎత్తితే ఊరుకోను' అని మాత్రం అనడు. మన ఇళ్లలో 'నీ ఇష్టం' అనే మాట ఎప్పుడు వస్తుందో మీకు తెలుసు. ఎదుటివాళ్ల ఇష్టం తెలుసుకోవడానికి కాదు, రేపు ఏదైనా తేడా వస్తే 'నేనన్నానా?' అనడానికి. రెజా సినిమా అంతా చేసింది అదే. అటు తల్లి దగ్గర మంచి కొడుకు, ఇటు పెళ్లాం దగ్గర మంచి మొగుడు. ఆ మంచితనం ఖర్చంతా లైలా ఖాతాలో పడింది.

పైగా అత్తగారు ఆమె చెవిలో వేసిన విషం ఏమిటి? వాడు నీ ముందు అక్కర్లేదంటాడు గానీ లోపల పిల్లలు కావాలనే ఉంది అని. మొగుడి మాట నమ్మాలా, అతన్ని కన్నతల్లి మాటా? ఒకసారి అనుమానం పడ్డాక అతను ఎన్నిసార్లు వద్దన్నా మొహమాటానికే అంటున్నాడు అనిపిస్తుంది. ఇరాన్‌లో దీనికి 'తారోఫ్' అని ఒక మర్యాదే ఉంది. తీసుకోండి అంటే వద్దంటారు, మళ్లీ బతిమాలాలి. అలాంటి చోట 'వద్దు' అంటే నిజంగా వద్దనేనా అని ఎలా తేల్చుకుంటుంది, చెప్పండి.

నైట్‌బస్సు:
సారీ, నాకు బోర్ కొట్టింది. మన సీరియల్ కథే కదా, ఉరుములూ మెరుపులూ లేవు, అంతే.

పచ్చిమిర్చి:
సీరియల్‌లో అయితే ఆడపడుచులు అత్తకు తోడయ్యేవాళ్లు. ఇక్కడ రెజా అక్కచెల్లెళ్లూ, తండ్రీ ఈ రెండో పెళ్లి వద్దనే అంటారు. అంటే ఇంట్లో సగం మంది లైలా పక్కే ఉన్నారు. 'అక్కడి సంప్రదాయం అంతే' అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

పాతకాగితం:
ఇరాన్ చట్టం గురించి కొంచెం. అక్కడి రాజు షా కాలంలో 1967 కుటుంబ రక్షణ చట్టం ప్రకారం రెండో పెళ్లికి కోర్టు అనుమతి కావాలి. 1975లో దాన్ని బిగించి, ఏయే కారణాలకు అనుమతి ఇవ్వొచ్చో రాశారు. మొదటి భార్య ఒప్పుకోవడం ఒకటి, ఆమెకు పిల్లలు కలగకపోవడం ఇంకొకటి. షాను దించేసిన 1979 విప్లవం తర్వాత ఆ చట్టం చాలావరకు మూలపడింది గానీ, పెళ్లి పత్రంలోనే కొన్ని షరతులు అచ్చువేయడం మొదలైంది. వాటికింద వరుడు సంతకం పెట్టి, తర్వాత భార్య అనుమతి లేకుండా ఇంకో పెళ్లి చేసుకుంటే, విడాకులు తీసుకునే అధికారం ఆమెకు వస్తుంది. భార్య 'సరే' అనడం ఎందుకంత అవసరమో అర్థమైందా? అది వచ్చాక అందరి చేతులూ శుభ్రమే.

సెకండ్‌షో:
గోదారిగట్టు గారి మాటతో సగం ఏకీభవిస్తాను. కానీ పెళ్లిచూపుల నుంచి వస్తూ కారులో ఇద్దరూ ఆ అమ్మాయిల గురించి జోకులేసుకుని నవ్వుతారే, అది ఎవరి ఒత్తిడి? నాకు అక్కడ లైలా పట్టుదల కనిపించింది. నేను ఇంత త్యాగం చేస్తున్నాను, చివరి నిమిషంలో అతనే ఆపుతాడు చూడండి అన్నట్టు. అతను ఆపలేదు. కొత్త పెళ్లికూతురు ఇంట్లో అడుగుపెట్టిన రాత్రే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లగలిగిన మనిషి ముందే ఎందుకు వెళ్లలేదు?

తాటిముంజె:
మా ఇంట్లో ఇద్దరు నాయనమ్మలు. పెద్ద నాయనమ్మకు పిల్లలు లేరని ఆవిడ చెల్లెల్నే తాతకిచ్చి చేశారు. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లి కుదరదని 1949లో చట్టం వచ్చింది, దేశమంతటికీ 1955లో. ఇది అంతకు ముందు మాట. ఎవరు కదిపినా పెద్ద నాయనమ్మ 'నేనే దగ్గరుండి చేయించాను' అనేది గర్వంగా. తాంబూలాలు కూడా ఆవిడే సర్దిందట. చిన్నప్పుడు నిజంగానే గొప్ప మనసు అనుకున్నాను. ఈ సినిమాలో లైలా కొత్త జంట కోసం ఇల్లు సర్దుతుంటే ఇంకేం చూడలేక ఆపేశాను. 'నేనే చేయించాను' అని చెప్పుకోకపోతే 'నన్ను పక్కన పెట్టారు' అని చెప్పుకోవాలి కదండీ. ఏది చెప్పుకుంటాం?

నైట్‌బస్సు:
ఇది చదివాక బోర్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాతకాగితం:
లైలాగా వేసిన లేలా హాతమీయే 2011లో అస్ఘర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్'లో సిమిన్. అక్కడ మొదటి సీన్‌లోనే జడ్జి ముందు కూర్చుని విడాకులు అడుగుతుంది. రెండూ వరుసగా చూడండి.

గోదారిగట్టు:
మంచి మాట. ఇంతసేపూ మనం ఒక మనిషిని మర్చిపోయాం, ఆ రెండో భార్యని. ఆడపిల్లను కని, విడిపోయి వెళ్లిపోతుంది. వంశం కోసం ఇంత గొడవ చేసిన అత్తగారికి దక్కింది మనవరాలు. చివర్లో లైలా పుట్టింట్లో షోలే జర్ద్ వండుతుంటారు. మొక్కుబడికి వండి ఊరంతా పంచే కుంకుమపువ్వు పాయసం, పాలు పోయరు. ఆ పిల్ల అక్కడికి వస్తుంది, లైలా కిటికీలోంచి చూస్తుంది. ఆ పిల్ల తల్లి ఏమనుకుందో మాత్రం సినిమా పెద్దగా పట్టించుకోదు.

తాటిముంజె గారూ, మీ చిన్న నాయనమ్మ ఏమనేవారు?

తాటిముంజె:
పెళ్లినాటికి ఆవిడకు పదహారేళ్లు. మా నాన్నతో కలిపి నలుగుర్ని కన్నది. మేమందరం పెద్ద నాయనమ్మ చుట్టూ చేరి కథలు చెప్పించుకునేవాళ్లం, ఆవిడ వంటింట్లో ఉండేది. ఇది మాత్రం ఆవిణ్ణి ఎవరూ అడగలేదండీ. నేనూ అడగలేదు.