కుదిరిన పాటీ అలవాటు మళ్ళీ తప్పింది, ఏం చేయమంటారు?

ప్రశ్న

మా అబ్బాయికి ఇప్పుడు రెండేళ్ళ పది నెలలు. రెండేళ్ళ మూడు నెలల వయసులో పాటీ సీటు మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాము. రెండు నెలలు తిరిగేసరికి ఒంటికైనా రెంటికైనా తనే పరుగున వచ్చి చెప్పేవాడు, పగటిపూట డైపర్ ఊసే లేకుండా నాలుగు నెలలు హాయిగా గడిచాయి. నెల క్రితం వాడికి చెల్లెలు పుట్టింది. అప్పటి నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు నిక్కరు తడుపుకుంటున్నాడు.

రెంటికి విషయం మరీ కష్టంగా ఉంది. పాటీ సీటు పేరెత్తితేనే ఏడుస్తాడు. తలుపు చాటుకు వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు రెండూ దగ్గరగా బిగించి, ముఖం ఎర్రబడేదాకా ముక్కుతాడు. మూడు నాలుగు రోజులకు ఒకసారి గట్టిగా, లావుగా అవుతుంది. మధ్య రోజుల్లో నిక్కరుకు పలుచగా కొద్దికొద్దిగా అంటుకుని ఉంటోంది. నిన్న పాపకు పాలిస్తుండగా నా ఎదుటే తడుపుకుంటే గట్టిగా కోప్పడ్డాను. సాయంత్రం ఇల్లు ఊడుస్తుంటే సోఫా కింద ఉండచుట్టి దాచిన తడి నిక్కరు దొరికింది. మూడేళ్ళు నిండని పిల్లవాడు నాకు భయపడి దాచాడని తెలిశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. మళ్ళీ డైపర్ వేసెయ్యాలా? ఇది చెల్లెలి మీద అసూయేనా, లేక డాక్టరుకు చూపించవలసిన విషయమా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

అమ్మా, ముందు మీరు కుదుటపడండి. రెండో బిడ్డ పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, కొత్తగా బడిలో వేసినప్పుడు, జబ్బుపడి లేచినప్పుడు కుదిరిన అలవాటు తప్పడం చాలామంది పిల్లల్లో జరిగేదే. మా పెద్దమ్మాయి విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. తడుపుకున్న ప్రతిసారీ "నువ్వు పెద్దదానివి కదా" అనేదాన్ని. చంటిబిడ్డగా ఉంటే రోజంతా అమ్మ ఒడిలో ఉండవచ్చని కళ్ళెదుట చూస్తున్న పిల్లకు పెద్దదానివి అని చెబితే, ఒడిలో ఇక చోటు లేదని చెప్పినట్టే అయింది. ఆ మాట మానేసి, చిన్నదాన్ని ఇంకొకరికి అప్పగించి, రోజూ ఒక పావుగంట పెద్దమ్మాయితో ఒంటరిగా గడపడం మొదలుపెట్టాను. ఏం ఆడాలో తనే చెప్పేది. మూడు వారాలకు తడపడం బాగా తగ్గింది.

రెండవ సమాధానం

నేను పిల్లల విభాగంలో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. పై సలహాతో ఏకీభవిస్తాను. కానీ మీరు రాసిన వివరాల్లో తడి నిక్కర్ల కన్నా ఆ తలుపు చాటు సంగతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మునివేళ్ళ మీద నిలబడి కాళ్ళు బిగించే బిడ్డను చూసి తల్లిదండ్రులు ముక్కుతున్నాడనుకుంటారు. చాలాసార్లు అది బయటికి రాకుండా ఆపుకునే ప్రయత్నం. ఎప్పుడో ఒకసారి గట్టిగా అయి నొప్పి పుట్టి ఉంటుంది. ఆ నొప్పికి భయపడి ఆపుకుంటాడు, ఆపుకున్నకొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేసి మలాన్ని ఇంకా గట్టిపరుస్తుంది, ఈసారి నొప్పి మరింత పెరుగుతుంది. ఇలా కొన్ని వారాలు సాగితే పురీషనాళం, అంటే మలద్వారానికి పైనుండే పేగు చివరి భాగం, సాగిపోయి, నిండిన సంగతి బిడ్డకు సరిగా తెలియకుండా పోతుంది. పైన పేరుకున్న గట్టి మలం పక్కనుంచి పలుచటిది కారి నిక్కరుకు అంటుతుంది. దాన్ని విరేచనాలనుకుని, ఆగడానికి మందు వేసేవారు కూడా ఉన్నారు. అది పొరపాటు. నిండిన పేగు ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి నిక్కరు తడవడానికి కూడా అదే కారణం కావచ్చు.

అందుచేత ఇది అసూయేనని తేల్చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. వారు పొట్ట తడిమి చూసి, మలం మెత్తబడే మందు, పాలీఎథిలీన్ గ్లైకాల్ గానీ లాక్టులోజ్ గానీ, బరువును బట్టి రాస్తారు. రెండు రోజులు సాఫీగా అయిందని మందు మీ అంతట మీరు ఆపవద్దు. సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టవచ్చు. ఇంట్లో మీ అంతట మీరు ఎనీమా ఇవ్వవద్దు. మూత్రానికి వెళ్ళేటప్పుడు మంట, జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే ఆలస్యం చేయకండి. దాహం విపరీతంగా పెరిగి, మాటిమాటికీ మూత్రానికి వెళుతూ బరువు తగ్గుతుంటే అదే రోజు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. నడకలో తేడా కనిపించినా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా వెంటనే చూపించాలి.

ఇంట్లో చేయవలసింది భోజనమయ్యాక ఓ ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం. తిన్న తర్వాత పేగులో కదలిక సహజంగానే పెరుగుతుంది. పాదాలు గాలిలో వేలాడకుండా కింద పీట వేసి, మోకాళ్ళు తుంటి కన్నా కొంచెం ఎత్తులో ఉండేలా చూడండి. సబ్బు బుడగలు ఊదమనండి. ఊదుతుంటే పొట్ట కండరాలు పనిచేస్తాయి, కింది బిగువు సడలుతుంది. అయినా కాకపోయినా ఐదు నిమిషాలకు లేపేయండి. భయం మరీ ఎక్కువగా ఉంటే కొన్నాళ్ళు రెంటికి మాత్రం డైపర్ ఇవ్వడంలో తప్పు లేదు. ఆపుకోవడం కన్నా డైపర్‌లో వెళ్ళడమే మేలు.

మూడవ సమాధానం

ఒక తండ్రిగా రెండు మాటలు. "వస్తోందా, వస్తోందా" అని పది నిమిషాలకోసారి అడగకండి, మావాడు ఆ ప్రశ్నకే మొండికేసేవాడు. నిద్ర లేచాక, తిన్నాక, బయటికి వెళ్ళేముందు మామూలుగా తీసుకెళ్ళండి చాలు. రాత్రి తడపడాన్ని ఇందులో కలపవద్దు. అది శరీరం ఎదుగుదలను బట్టి వచ్చేది, ఐదేళ్ళ దాకా పక్క తడపడం మామూలేనని మా డాక్టరు చెప్పారు.

ప్రశ్న అడిగినవారు, రెండు వారాల తర్వాత

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు పొట్ట తడిమి, ఎడమవైపు గట్టిగా తగులుతోందని నా చేత కూడా ముట్టించారు. మందు వాడుతున్నాము. ఐదో రోజుకు మెత్తగా అయింది, పలుచగా అంటుకోవడం ఆగిపోయింది. తడపడం రోజుకు ఒకసారికి వచ్చింది, కొన్ని రోజులు అదీ లేదు. సీటు మీద ఇంకా రెంటికి వెళ్ళలేదు. డైపర్ అడిగి తీసుకుని, స్నానాలగదిలోనే నిలబడి వెళుతున్నాడు. తలుపు చాటు మానేశాడు.

ఆ రోజు కోప్పడినందుకు వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని తప్పు నాదేనని చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. నిన్న మధ్యాహ్నం తడిసిన నిక్కరు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, తడిసింది" అని నా చేతికిచ్చాడు.

రెండవ సమాధానం ఇచ్చినవారు

చాలా సంతోషం. డైపర్ స్నానాలగది దాకా వచ్చింది కాబట్టి, కొన్నాళ్ళయ్యాక డైపర్ వేసుకునే సీటు మీద కూర్చోమనండి. అది కుదిరాక తీయవచ్చు. ఒక్కో మెట్టు మీద వాడు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనివ్వండి, మందు మాత్రం ఆపకండి.