జిప్సీయా, నానోనా? వైజాగ్ ఉప్పుగాలికి, అరకు ఘాట్‌కి ఏది?

ఎంవీపీ_డబుల్‌రోడ్:
పాత బండ్లు రెండు, 2004 మారుతి జిప్సీ ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్ ఇంజిన్) సాఫ్ట్‌టాప్ ఒకటి, 2016 టాటా నానో జెన్‌ఎక్స్ మాన్యువల్ ఒకటి చూసిపెట్టా. మేమిద్దరం, బాబు, అమ్మ. నెలకోసారి అరకు. బీచ్‌కి కిలోమీటరు లోపే ఇల్లు, బండి ఆరుబయటే ఉంటుంది. రెయిడ్ డి హిమాలయా కార్ల ర్యాలీలో దుమ్మురేపిన బండి కదా, మనసు జిప్సీ మీదే ఉంది. ఏం చూసుకోవాలి?

కమాన్‌కట్ట:
హిమాలయాల్లో ఉప్పుగాలి ఉండదు గురూ! ఇంజిన్ గట్టిదే. 1298 సీసీ, 80 హార్స్‌పవర్, బండి బరువు టన్నుకి అటూఇటూ. చూడాల్సింది ఉప్పుగాలికి తుప్పుపట్టే ఛాసిస్‌ని, అంటే కింది ఇనుప చట్రాన్ని. లిఫ్ట్ ఎక్కించి, వెనక కమాన్ కట్టల్ని (లీఫ్ స్ప్రింగుల్ని) ఛాసిస్‌కి తగిలించే షాకిల్ బ్రాకెట్ల దగ్గరా, బాడీని ఛాసిస్‌కి బిగించే మౌంట్ల దగ్గరా చిన్న సుత్తితో తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే పర్లేదు, డొబ్‌మంటే లోపల తుప్పు తినేసినట్టే. నల్లగా కొత్త అండర్‌కోటింగ్ (అడుగున పూసే తుప్పు పూత) కనబడితే అక్కడే ఇంకో నాలుగు దెబ్బలు వెయ్యండి.

60 దాటాక స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్‌తో సరిపెట్టకండి. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఒకర్ని బ్రేక్ తొక్కి పట్టమనండి. అప్పుడు ఆట ఆగితే హబ్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్ బేరింగ్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం మళ్లే కీలు దగ్గరది. అవి మార్చి షిమ్ములతో (పల్చటి రేకు ముక్కలతో) బిగువు సరిచెయ్యాలి. వణుకుని అణిచే స్టీరింగ్ డ్యాంపర్ ఒక్కటే మారిస్తే రోగం దాక్కుంటుంది, అంతే.

ఫోర్‌వీల్ బురదకే. రెండు ఇరుసుల్నీ వేరే వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు కాబట్టి పొడి తారు మలుపుల్లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ లెక్క కలవదు, లీవర్ బిగుసుకుపోతుంది.

వెనకింజన్:
అమ్మగారిని జిప్సీ వెనక ఎక్కిస్తారా? ఎదురెదురుగా వేసిన బెంచీలవి. అనంతగిరి మలుపుల్లో పక్కకి తిరిగి కూర్చుంటే వాంతులే.

నానో 624 సీసీ, రెండు సిలిండర్లు, 38 హార్స్‌పవర్. నలుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపి రెండో గేరులో లాగించాలి. రేడియేటర్ వెనకే ఉంటుంది కాబట్టి ఎదురుగాలి నేరుగా తగలదు, ఫ్యాన్ మీదే భారం. కొనేముందు ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఇంజిన్ ఐడిల్‌లో నడవనివ్వండి. ఫ్యాన్ తనంతట తాను తిరిగి, కాసేపటికి ఆగాలి. ఆగి మళ్లీ తిరిగేదాకా చూడండి. కూలెంట్ ట్యాంకులో నీళ్లు తుప్పురంగులో ఉంటే పచ్చినీళ్లు పోసి నడిపారని అర్థం.

నాలుగూ డ్రమ్ బ్రేకులే. దిగేటప్పుడు కూడా రెండో గేరే, బ్రేక్ నొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. టైర్లు ముందు 135, వెనక 155. ముందువి వెనక్కి మార్చడం కుదరదు.

పాతకాగితం:
ఆ జిప్సీకి 15 ఏళ్లు దాటాయి. ఫిట్‌నెస్ చేయించి 5 ఏళ్లకి ఆర్సీ రెన్యూవల్ చేశారో లేదో ముందు చూడండి. ఆర్మీ వేలంలోంచి వచ్చిన బండైతే ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. తుప్పు మీద కొత్త రంగేసి నంబరు కనబడకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

ఎంవీపీ_డబుల్‌రోడ్:
రేపే లిఫ్ట్ ఎక్కిస్తా. సుత్తి ఎంతది?

కమాన్‌కట్ట:
పావుకిలోది చాలు. పెద్దది పట్టుకెళ్తే ఓనరు గేటు తియ్యడు.