డొనెగాల్ రైళ్లు పోయింది సరిహద్దు వల్లా, బస్సుల వల్లా?

లెటర్‌కెన్నీవాసి:
ఐర్లండ్‌లో మనవాళ్లు ఎక్కువమంది డబ్లిన్ చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి ఈ బాధ తెలియదు. వాయవ్య మూలనున్న మా డొనెగాల్ కౌంటీ మొత్తంలో ఇవాళ ఊళ్లను కలిపే రైలు ఒక్కటీ నడవదు. ఒకప్పుడు రెండు కంపెనీలవీ కలిపి దాదాపు 225 మైళ్ల నారోగేజ్ లైన్లు ఉండేవి. లాఫ్ స్విల్లీ కంపెనీ రైళ్లు 1953లో ఆగాయి, డొనెగాల్ కంపెనీ ప్యాసింజర్లు 1959 డిసెంబర్ 31న. నన్నడిగితే ఐర్లండ్ విభజనే వీటి ప్రాణం తీసింది. డెర్రీ, స్ట్రబేన్ అవతలి వైపు, అంటే బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో ఉండిపోయాయి, 1923 నుంచి కస్టమ్స్ తనిఖీలు. లెటర్‌కెన్నీ నుంచి ఇదే కౌంటీలోని స్ట్రనోర్లర్‌కి రైల్లో వెళ్లాలన్నా స్ట్రబేన్ మీదుగా సరిహద్దు రెండుసార్లు దాటాలి. అలాంటి లైను ఎలా బతుకుతుంది?

పట్టాలప్రియుడు:
సరిహద్దు వచ్చాక కూడా డొనెగాల్ కంపెనీ 36 ఏళ్లు నడిచిందండీ. మేనేజర్ హెన్రీ ఫోర్బ్స్ 1931లోనే డీజిల్ రైల్‌కార్లు (ఇంజనూ ప్రయాణికుల పెట్టే ఒకటిగా ఉండేవి) తెచ్చాడు, ఐర్లండ్‌లో అందరికంటే ముందు. దారిలో గేటు దగ్గర చెయ్యెత్తినా ఆపి ఎక్కించుకునేవాళ్లు. అంత చేసినా నిలబడలేదంటే కారణం లారీలు, బస్సులే. స్విల్లీ కంపెనీ అయితే రైళ్లు వదిలేసి 2014 దాకా బస్సుల మీదే బతికింది.

కోనసీమ కుర్రాడు:
1925లో స్విల్లీ కంపెనీ బర్టన్‌పోర్ట్ లైనులో ఓవెన్‌కారో వంతెన మీద ఈదురుగాలికి పెట్టెలు పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు కదా, ఆ లైను అందుకే మూసేశారని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు.

పట్టాలప్రియుడు:
కాదు తమ్ముడూ. ప్రమాదం 1925 జనవరి 30న, బర్టన్‌పోర్ట్ లైను మూసింది 1940లో. మధ్యలో అదే వంతెన మీద రైళ్లు తిరిగాయి.

లెటర్‌కెన్నీవాసి:
1940 సంగతి సగమే చెప్పి వదిలేస్తే ఎలా? మూసేశాక యుద్ధం వల్ల పెట్రోలుకి కటకట వచ్చి గ్వీడోర్ దాకా మళ్లీ నడిపారు, 1947 వరకూ. అక్కర్లేని లైనయితే మళ్లీ ఎందుకు తెరిచారు? మన కౌంటీ దక్షిణాన ఉన్న బండోరన్ లైను సంగతేంటి? 1957లో ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం తన వైపు లైను మూసేసింది కాబట్టే అదీ పోయింది. అక్కడ ఏ బస్సు తప్పు?

పట్టాలప్రియుడు:
బండోరన్ లైను వేరే కంపెనీది, బ్రాడ్‌గేజ్. మనం మాట్లాడేది నారోగేజ్ గురించి. 36 ఏళ్లకి మీరింకా జవాబు చెప్పలేదు.

స్లైగో సునీత:
సరిహద్దు వల్ల సరుకు తగ్గింది, మిగిలింది లారీలు పట్టుకుపోయాయి. రెండూ నిజమే కదండీ!

లెటర్‌కెన్నీవాసి:
గేజ్ ఏదైనా మూతపడింది మూతపడిందే. మీకిది చరిత్ర క్విజ్‌లా ఉంది, నాకు కాదు. మా ఆవిడని డబ్లిన్‌లో స్పెషలిస్టుకి చూపించాలని తెల్లవారకముందే స్టాపు దగ్గర నిలబడితే బస్సు రానే లేదు, అపాయింట్‌మెంట్ పోయింది, మళ్లీ తేదీ కోసం నెలల తరబడి టెన్షన్. ఐర్లండ్ ద్వీపం మొత్తానికి చేసిన 2024 రైలు సమీక్షలో డెర్రీ నుంచి లెటర్‌కెన్నీకి లైను వేయాలని సిఫారసు వచ్చింది. దానికోసమే ఇక్కడ సంతకాలు సేకరిస్తున్నాం. మీలాంటివాళ్లు డబ్లిన్‌లో కూర్చుని జనం ఎక్కలేదు కాబట్టి పోయాయని రాస్తే, రేపు వద్దనేవాళ్లు అదే చూపిస్తారు.

పట్టాలప్రియుడు:
డబ్లిన్ ఏంటి? నేనుండేది గ్లెంటీస్ దగ్గర! మాకూ లైనుండేది, 1947లో ప్యాసింజర్లు ఆపేశారు. రాత్రి షిఫ్ట్ అయ్యాక ఇంటికి రావడానికి నాకు బస్సే లేదు, టాక్సీకి సగం సంపాదన పెట్టాను, చివరికి ఆ పని మానుకున్నాను. మీ లైను లెటర్‌కెన్నీ దగ్గర ఆగిపోతుంది. అవతల కొండల్లో ఉన్నవాళ్లకి ఏమొస్తుంది? సరిహద్దు అన్యాయం చేసింది కాబట్టి పట్టాలు తిరిగివ్వాలి అనగానే డబ్బంతా అటు పోతుంది, మా పల్లెల బస్సుల మాట ఎవరూ ఎత్తరు. నా గొడవ అదీ.

కోనసీమ కుర్రాడు:
మా కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచయుద్ధం కాలంలో పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. వేయగానే రైళ్లు వచ్చేయలేదన్నా, చాలాకాలం రైలుబస్సే దిక్కు.

లెటర్‌కెన్నీవాసి:
పట్టాలప్రియుడు గారూ, ఈ గ్లెంటీస్ బస్సుల బాధ మొదటే చెప్పాల్సింది మీరు. లెటర్‌కెన్నీలో రైలుంటేనే గ్లెంటీస్ బస్సుకి కలిసే చోటు ఉంటుంది. అయినా సరిహద్దు మాట నేను వదలను.

పట్టాలప్రియుడు:
నేనూ లారీల మాట వదలను. రైలు వచ్చేదాకా మేం ఆగలేం. మీ అర్జీలో లెటర్‌కెన్నీ లైనుతోపాటు గ్లెంటీస్, బర్టన్‌పోర్ట్‌లకి రాత్రి బస్సులు కూడా రాయండి. అది రాస్తే సంతకం పెడతాను, రాయకపోతే పెట్టను.