బ్యాంకాక్ గుళ్ళు, మొక్కులు, ఎర్ర ఫాంటా: వెళ్ళేవాళ్ళ కోసం

కాకినాడ_కాజా:
ఎరవాన్ దగ్గర బ్రహ్మదేవుడికి మన పద్ధతిలో కొబ్బరికాయ కొట్టొచ్చా? అక్కడ డ్యాన్సులు ఎందుకు వేస్తారు? ప్రతి బిల్డింగు ముందూ స్తంభం మీద బొమ్మరిల్లులా ఉండేదేంటి, దాని ముందు ఎర్ర కూల్‌డ్రింకులేంటి? ఉల్లి, వెల్లుల్లి ముట్టని పెద్దవాళ్ళతో ప్రయాణం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

సుఖుమ్విత్_వాసి:
కాయ సమర్పిస్తారండీ, కొట్టరు. అక్కడి పద్ధతి వేరు.

ముందు ఆ విగ్రహం అక్కడికెలా వచ్చిందో తెలిస్తే మిగతాది సులువు. 1950లలో ఆ కూడలి మూల మీద ప్రభుత్వం హోటల్ కడుతుంటే ఒకదాని వెనక ఒకటి ప్రమాదాలు, ఖర్చు పెరగడం. శంకుస్థాపన ముహూర్తం బాగాలేదని జ్యోతిష్కుడు చెప్పడంతో 1956 నవంబర్ 9న బ్రహ్మను ప్రతిష్ఠించారు. ఇప్పటికీ ఏటా నవంబర్ 9న అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఎరవాన్ అన్న హోటల్ పేరు మన ఐరావతమే. థాయ్‌వాళ్ళకి ఆయన 'థావ్ మహా ఫ్రోమ్'. నాలుగు ముఖాలనూ వేదాలతో కాదు, మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలతో ముడిపెడతారు.

పూజ సెట్టులో 12 అగరుబత్తులు, 4 కొవ్వొత్తులు, 4 పూలదండలు ఉంటాయి. ముఖానికి మూడు బత్తులు, ఒక కొవ్వొత్తి, ఒక దండ. ఎదుటి ముఖంతో మొదలుపెట్టి మన ప్రదక్షిణలాగే కుడిచేతి వైపుగా తిరగాలి. జనం తోపులాటలో చాలామంది మొత్తం సెట్టు మొదటి ముఖం దగ్గరే పెట్టేసి బయటపడతారు. ఇంకో తప్పు, బయట ఫుట్‌పాత్ మీద కొనడం. అక్కడ చేతిలో దండ పెట్టేశాక ధర చెబుతారు. ఆవరణ లోపలి కౌంటర్లో ధరల బోర్డు ఉంటుంది, అక్కడే తీసుకోండి. మీరు వేసిన దండను సిబ్బంది కాసేపటికే తీసేస్తారు. చోటు చాలకే, తప్పుగా అనుకోవద్దు.

ఇక డ్యాన్సు. మొక్కుకోవడాన్ని 'బోన్' అంటారు, తీర్చడాన్ని 'కే బోన్'. కోరిక తీరినవాళ్ళు కౌంటర్లో డబ్బు కట్టి, పేరు రాసిస్తే, నాట్యబృందం ఆ పేరు కలిపి పాడుతూ ఆడుతుంది. ఇద్దరు, నలుగురు, ఆరుగురు, ఎనిమిదిమంది, ఎంతమంది కావాలన్నది మన ఇష్టం. మొక్కు తీర్చుకునే మనిషి వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఊరికే చూడ్డానికి డబ్బు అక్కర్లేదు. ఒక జాగ్రత్త: అక్కడివాళ్ళ లెక్కలో ఏది మొక్కితే అదే చెల్లించాలి, అక్కడే చెల్లించాలి. "కోరిక తీరితే మళ్ళీ వచ్చి ఎనిమిదిమందితో ఆడిస్తా" అని నోరు జారితే విమానం టికెట్ కూడా మొక్కులో భాగమే.

మలక్‌పేట్_77:
అన్నా, ఎరవాన్ ఒక్కటే చూసి ఎళ్ళిపోకుండ్రి. చిట్‌లోమ్ స్టేషన్ స్కైవాక్ పట్టుకొని నడిస్తే ఆ చౌరస్తా చుట్టే అందరూ ఉన్నరు. అమరిన్ ప్లాజా ముందట ఇంద్రుడు, ఇంటర్‌కాంటినెంటల్ హోటల్ ముందట గరుడుని మీద నారాయణుడు, గేసోర్న్ బిల్డింగు పైన లక్ష్మి, సెంట్రల్‌వరల్డ్ మాల్ ముందట గణపతి, త్రిమూర్తి. రెండు గంటలల్ల మొత్తం అయిపోతది. త్రిమూర్తి కాడ ప్రేమ కోసం మొక్కుతరు. గురువారం రాత్రి 9:30కు ఎర్ర గులాబీలు, ఎర్ర బత్తులు పట్టుకొని వయసు పిల్లలు లైన్ కడ్తరు. పేరుకు త్రిమూర్తి గానీ, ఆ విగ్రహం పోలిక అయిదు ముఖాల సదాశివునిది. సూస్తే మనోళ్ళు ఇట్టే గుర్తువడ్తరు.

పాత_పాస్‌పోర్ట్:
బొమ్మరిల్లు సంగతి: దాని పేరు 'సాన్ ఫ్రా ఫూమ్', ఫూమ్ అంటే భూమి. స్థలానికి కావలి ఉండే దేవతకి కట్టిన ఇల్లు. ఒకే స్తంభం మీద గుడిలా ఉంటే అది ఈ దేవతది. పక్కనే కాస్త కిందుగా, నాలుగైనా ఆరైనా కాళ్ళ మీద మామూలు థాయ్ ఇల్లులా ఉంటే అది ఆ నేల పాత యజమానుల ఆత్మలది, లోపల ముసలి దంపతుల బొమ్మలు కనబడతాయి. అసలు ఇంటి నీడ దీని మీద పడకూడదని నియమం. అందుకే ఒక్కోసారి పార్కింగు మధ్యలో వింతగా నిలబడి ఉంటుంది.

ఎర్ర డ్రింకు స్ట్రాబెర్రీ ఫాంటా. మూత తీసి స్ట్రా వేసి పెడతారు, తాగేవాళ్ళకి సౌకర్యం కావాలిగా. పాతకాలపు రక్తబలికి బదులు అని కొందరంటారు, తీపి ఇష్టమని కొందరు. ముట్టుకోకండి, దాని గద్దె మీద బ్యాగులు పెట్టకండి. పాడైపోయిన ఇళ్ళను పగలగొట్టరు, రావిచెట్టు మొదట్లో వదిలేస్తారు. ఊళ్ళ బయట చెట్టు కింద పదులకొద్దీ విరిగిన బుల్లి ఇళ్ళు కనబడితే చెత్త అనుకోవద్దు. మలుపుల దగ్గర గుంపులుగా జీబ్రా బొమ్మలున్నా అదే లెక్క, అవి కూడా మొక్కులే.

నిమ్మకాయ_పులిహోర:
తిండి గురించి. "వెజ్" అన్న మాట అక్కడ పనికిరాదు. మాంసం తీసేసి ఇస్తారు గానీ చేపలు ఊరబెట్టి తీసిన నీరు 'నామ్ ప్లా' ఉంటుంది, కూర ముద్దలో రొయ్యల పేస్టు 'కపి' ముందే కలిసి ఉంటుంది, వేపుళ్ళలో ఆయిస్టర్ సాస్. బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో ఎండురొయ్యలు. 'మాంగ్సావిరత్' అంటే శాకాహారం, కానీ గుడ్డు రావచ్చు. మీకు కావాల్సిన మాట 'జే'. అందులో మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు (เจ) ఉన్న బండి వెతకండి. ఆ గుర్తు ఫోన్‌లో ఫోటోగా పెట్టుకుంటే భాషతో పనిలేదు. పెరుగన్నం మాత్రం అక్కడ అడక్కండి, జే అంటే పాలు కూడా లేవు.

చైనా పంచాంగం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు జే పండుగ. దాదాపు మన దసరా రోజుల్లోనే వస్తుంది, ఎక్కడ చూసినా పసుపు జెండాలే. ఫుకెట్‌లో అయితే ఊరేగింపుల్లో దేవుడు పూనినవాళ్ళు బుగ్గల్లో శూలాలు గుచ్చుకుంటారు. పిల్లలతో వెళ్తే ముందే ఆలోచించుకోండి. తెల్లబట్టలు వేసుకోవాలి, టపాసులు మీదకే పేలతాయి, కళ్ళకి అద్దాలు తప్పవు.

కాకినాడ_కాజా:
చాలా థాంక్సండీ. వాళ్ళ నమస్కారం మనదేగా, అందరికీ పెట్టేయొచ్చు కదా?

సుఖుమ్విత్_వాసి:
చేతులు మనవే, లెక్క వేరు. 'వై'లో ఎత్తుని బట్టి గౌరవం: సాటివాళ్ళకి గడ్డం దగ్గర, పెద్దలకి బొటనవేళ్ళు ముక్కుకి తగిలేలా, భిక్షువులకీ బుద్ధుడికీ నుదుటికి. చిన్నవాళ్ళు ముందు పెట్టాలి. హోటల్ కుర్రాడికీ పిల్లలకీ మనమే ముందు పెడితే వాళ్ళు ఇబ్బంది పడతారు, చిరునవ్వు చాలు. భిక్షువు తిరిగి వై పెట్టడు, అది అవమానం కాదు. ఆడవాళ్ళు భిక్షువుని తాకకూడదు, వస్తువు చేతికివ్వకూడదు. ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి. గుళ్ళో కాళ్ళు బుద్ధుడి వైపు చాపకుండా రెండూ ఒక పక్కకి మడిచి కూర్చోవాలి. గడప తొక్కరు, దాటతారు.

ఉదయం 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వస్తే నిలబడిపోండి. సినిమాకి ముందు రాజగీతానికి లేచి నిలబడటం మర్యాద. రాజు బొమ్మ ఉన్న నోటు ఎగిరిపోతుంటే కాలితో తొక్కి ఆపకండి. రాజకుటుంబాన్ని అవమానించారని 112వ సెక్షన్ కింద నేరం రుజువైతే ఒక్కో అభియోగానికి 3 నుంచి 15 ఏళ్ళు. ఈ విషయంలో జోకులొద్దు.

ఆండాళ్_గడప:
ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక మాట. వాట్ సుతత్ అనే బౌద్ధ గుడి ముందున్న ఎర్రటి పెద్ద ఊయల స్తంభాల దగ్గరే 1784 నాటి దేవస్థాన్ అనే హిందూ గుడి ఉంది. అక్కడ రాజపురోహితులైన బ్రాహ్మణులు చేసే ఉత్సవం పేరు త్రియంపవాయ్-త్రిపవాయ్. చెవికి తగిలిందా? తిరువెంబావై, తిరుప్పావై. ధనుర్మాసంలో మనం పాడే పాశురాల పేరు సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) దాకా వెళ్ళింది. ఆ ఊయల ఊగే తంతు 1935లో ఆగిపోయింది. ఇప్పుడున్న టేకు స్తంభాలు 2007లో నిలిపినవి.

వారాల పేర్లూ అంతే: ఆథిత్, చన్, అంగ్ఖాన్, ఫుత్, ఫరుహత్, సుక్, సావ్. ప్రతి వారానికీ ఒక రంగు, ఒక బుద్ధ భంగిమ. బుధవారానికి మాత్రం పగలొకటి, రాత్రొకటి, మొత్తం ఎనిమిది. మీరు ఏ వారం పుట్టారో తెలుసుకుని వెళ్తే గుళ్ళో ఏ బుద్ధుడి హుండీ ముందు నిలబడాలో తెలుస్తుంది.

మలక్‌పేట్_77:
ప్యాకెట్ల మీద 2569 అని తారీఖు చూసి పరేషాన్ గాకుండ్రి, బుద్ధ శకం. 543 తీసేస్తే 2026.

పాత_పాస్‌పోర్ట్:
నవంబర్‌లో అయితే లాయ్ క్రతోంగ్ చూడండి, వాళ్ళ 12వ నెల పున్నమి. సాధారణంగా మన కార్తీక పౌర్ణమే, కానీ అధికమాసాలు ఇద్దరికీ ఒకేసారి రావు, తేదీ విడిగా చూసుకోండి. క్రతోంగ్ అంటే నీటిలో వదిలే దీపం, మన అరటిదొప్ప దీపానికి అక్క లాంటిది: అరటిబోదె చక్క, మడిచిన ఆకులు, పూలు, ఒక కొవ్వొత్తి, మూడు బత్తులు, ఒక నాణెం. రొట్టెతో చేసినవి కూడా అమ్ముతారు, చేపలు తింటాయని. చిన్న చెరువులో అందరూ రొట్టెవే వదిలితే చేపలు తినలేక నీళ్ళు కుళ్ళిపోతాయి, బోదెదే కొనండి. ఫోమ్‌ది అసలు వద్దు. గాలి ఎటుందో చూసి, గట్టు మీంచి విసరకుండా, మెట్టు దిగి నీటి మీద పెట్టి చేత్తో నీళ్ళు నెడితేనే వెలుగుతూ సాగుతుంది.