ఛార్జర్ పోర్టికోలోనా, గేటు పక్కనా? నెల్లూరు ఇంటికి ఏది మేలు?

పెన్నాగట్టు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం. పోయిన నెల ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. బండితో పాటు 7.2 కిలోవాట్ల ఛార్జర్ ఇచ్చారు, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. మీటరు గేటు పక్కన కాంపౌండు గోడకి ఉంది. అక్కడి నుంచి పోర్టికోకి వైరు పోయే దారి కొలిస్తే 60 అడుగులు. నేను పోర్టికోలో పెడదామంటాను. ఎండా వానా తగలవు, రాత్రి బండి కళ్ళ ముందు ఉంటుంది. నాయన మాత్రం గేటు దగ్గరే పెట్టాలంటాడు. మంట లేస్తే ఇంటికి అంటుకోకూడదట. నెల రోజులుగా ఇదే గొడవ. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వైరింగ్ మేస్త్రి:
గేటు దగ్గరే. 7.2 అంటే 32 ఆంపియర్లు. గీజరులాగా పది నిమిషాలు లాగి ఆగేది కాదు, నాలుగైదు గంటలు ఏకధాటిగా లాగుతుంది. 60 అడుగుల వైరంటే వేడెక్కుతుంది, ఓల్టేజీ పడిపోతుంది. మీటరుకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను.

కొత్తపట్నం గాలి:
మేస్త్రి గారూ, వైరు సైజు చెప్పకుండా దూరం ఒక్కటే చెబితే ఎట్లా? 60 అడుగులంటే 18 మీటర్లు. పోనూ రానూ 36. 6 చదరపు ఎంఎం రాగి వైరు వేస్తే 32 ఆంపియర్ల దగ్గర పడిపోయేది మూడున్నర ఓల్టులు. 230లో మూడున్నర ఒక లెక్కా? 

మాది ఒంగోలు పక్కన కొత్తపట్నం. సముద్రం దగ్గర. నేను మీలాంటివాళ్ళ మాట విని గోడ మీద, ఆరుబయట బాక్సు పెట్టించాను. రెండేళ్ళు తిరక్కముందే మూత తీస్తుంటే స్క్రూ తల పొడిపొడిగా వేలికి అంటుకుని ఊడొచ్చింది. లోపల ఎంసీబీ, అదే లోడు మించితే పడిపోయే స్విచ్చు, దాని టెర్మినల్ మీద పచ్చటి చిలుము. అప్పటి నుంచి కప్పు కింద తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను. పోర్టికోలో పెట్టండి.

వైరింగ్ మేస్త్రి:
230 అనేది కాగితం మీద. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి, వీధిలో ఏసీలన్నీ తిరుగుతుంటే 195 చూశాను నేను. ఆ 195లో మూడున్నర పోతే తెలుస్తుంది. వేదాయపాళెం ఏమన్నా సముద్రపు ఒడ్డా, మీ ఉప్పు గాలి మాకు చెప్పడానికి?

చేపలపులుసు:
ఇంత గొడవ ఎందుకు? 15 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టి పడుకోండి. తెల్లారేసరికి నిండుతుంది.

కొత్తపట్నం గాలి:
ఆ ప్లగ్గు కొత్తదై, దానికి విడిగా 4 ఎంఎం వైరు లాగి ఉంటే సరే. వాషింగ్ మిషన్ ప్లగ్గులో పెట్టారంటే రాత్రంతా లాగి లాగి లోపలి రేకు పత్తీ వదులై నల్లబడుతుంది. మా బావమరిది ఇంట్లో సాకెట్ కరిగి గోడకి కారింది.

రెండో అంతస్తు:
మీకు పోర్టికో ఉంది, గేటు ఉంది, సంతోషం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా పార్కింగ్ గోడకి ఛార్జర్ బిగించుకుంటానంటే అసోసియేషన్ వాళ్ళు ఏడాదిగా తిప్పుతున్నారు. అడిగితే ఫోన్లో మంటల వీడియో చూపిస్తారు. ఉన్న కనెక్షన్ మీదే ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవచ్చని 2022లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ప్రింటు తీసి నోటీసు బోర్డుకి అంటించాను. మర్నాటికి చింపేశారు. ఇప్పుడు బయట ఛార్జింగ్ స్టేషన్‌లో గంట కూర్చుని వస్తున్నాను. మంట మంట అని భయపెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. మీ నాయనగారు కూడా ఆ వీడియోలే చూసుంటారు.

పెన్నాగట్టు:
మా నాయన వీడియోలు చూసే మనిషి కాదు.

కొత్తపట్నం గాలి:
మంట సంగతి కూడా చెబుతాను. గోడకి బిగించే పెట్టె నిజానికి ఛార్జర్ కాదు. బండికీ లైనుకూ మధ్య భద్రంగా కలిపి విడదీసే స్విచ్చు లాంటిది. ఏసీని డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారు లోపలే ఉంటుంది. కాబట్టి పెట్టె గేటు దగ్గర ఉంటే ఇల్లు క్షేమం అనుకోవడంలో అర్థం లేదు. నాయనగారి భయం బండి గురించైతే, ఛార్జింగ్ అయ్యాక బండిని రాత్రికి ఎక్కడ పెడతారు? పోర్టికోలోనే కదా?

పెన్నాగట్టు:
అదే నేనూ అడిగాను అన్నా. లోపల పెట్టుకో, ఛార్జింగు మాత్రం గేటు దగ్గర చెయ్యి అన్నాడు.

పడుగుపాడు:
ఎక్కడ పెట్టినా ఎత్తులో పెట్టండి. 2021 నవంబరులో పెన్నా పొంగి మా దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. మా ఇంటి గోడ మీద నీటి చార నా నడుము దాకా ఇప్పటికీ ఉంది. ఆ చార కంటే రెండడుగులు పైన మీటరు మార్పించుకున్నాం.

వైరింగ్ మేస్త్రి:
అందరూ అన్నీ చెబుతున్నారు, ఎర్త్ గురించి ఒక్కరూ మాట్లాడరు. ఎర్త్ గుంత గేటు దగ్గర ఉంటే ఛార్జర్ గేటు దగ్గరే ఉండాలి. పోయిన వేసవిలో ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, ఛార్జర్ మీద ఎర్ర లైటు, బండికి ఛార్జింగ్ ఎక్కడం లేదని. పోయి చూస్తే గుంత ఎండి నెర్రెలిచ్చింది. రెండు బకెట్ల నీళ్ళు పోసి కాసేపు ఆగాం. ఎర్రది పోయి పచ్చ లైటు వచ్చింది. తర్వాత ఆ గుంత తవ్వించి కొత్త రాడ్డు దించాను. ఈ లెక్కలేసేవాళ్ళెవరూ ఆ టైముకి రారు.

కొత్తపట్నం గాలి:
ఎర్త్ వైరు కూడా 60 అడుగులు లాగొచ్చు, పోర్టికో పక్కన కొత్త గుంత తవ్వొచ్చు. కదలనిదేమన్నా ఉందా అందులో? మీకు తెలిసిన చోటు గేటు, అందుకని లోకమంతా గేటు దగ్గర పెట్టుకోవాలంటారు.

వైరింగ్ మేస్త్రి:
నోరు అదుపులో పెట్టుకోండి. చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని నాది.

రెండో అంతస్తు:
పెన్నాగట్టు గారూ, తప్పుగా అనుకోకపోతే ఒక మాట. మీటరు ఎవరి పేరు మీద ఉంది? ఇల్లు ఎవరిది?

పెన్నాగట్టు:
దానికీ దీనికీ ఏం సంబంధం? ఛార్జర్ ఎక్కడ పెట్టాలని అడిగితే ఇంటి కాగితాలు అడుగుతారేంది?

రెండో అంతస్తు:
సంబంధం ఉంది కాబట్టే అడిగాను. మా అసోసియేషన్‌లో కూడా మంట అన్నది పైమాట. కామన్ గోడకి ఒకడు బోల్టు కొడితే ఆ గోడ వాడిదైపోతుందని లోపలి భయం. అది తెలియడానికి నాకు ఏడాది పట్టింది. మీ నాయనగారిది భయం కాదనిపిస్తోంది. బండి లోపల పెట్టుకోమన్న మనిషికి మంట భయం ఏమిటి?

పెన్నాగట్టు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. మీటరు నాయన పేరు మీదే. శాంక్షన్ లోడు, అంటే కరెంటోళ్ళు మా కనెక్షన్‌కి ఒప్పుకున్నది, 3 కిలోవాట్లే. పెంచమని అర్జీ పెట్టాలంటే ఆయన సంతకం కావాలి, పెట్టడం లేదు. పైన తమ్ముడి వాటా. వాడు చెన్నైలో ఉంటాడు, పైన బాడుగకి ఇచ్చాం. కాగితం రాసుకోలేదు గానీ నోటిమాటగా నాయన ఏనాడో చెప్పాడు: కింద నీకు, పైన వాడికి, గేటూ మెట్లూ ఇద్దరివీ. పోర్టికో సంగతి అప్పుడు ఎవరూ ఎత్తలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడు అడిగాడంట, రేపు నేను కారు కొంటే ఎక్కడ పెట్టుకోవాలి అని. నాతో అనలేదు, నాయనతో అన్నాడు. గేటు దగ్గరైతే ఇద్దరికీ అందుతుందని ఆయన లెక్క. ఆ మాట నాతో చెప్పలేక మంటలంటున్నాడు.

ఇన్నేళ్ళూ ఆయన్ని చూసుకుంటున్నది నేను. సున్నం నేనే కొట్టించాను, మోటారు నేనే మార్పించాను. పోర్టికోలో ఒక పెట్టె బిగించుకునే హక్కు లేదా నాకు?

పడుగుపాడు:
హక్కు సంగతి వేరు. ముందు తమ్ముడికి ఫోన్ చెయ్యండి.

కొత్తపట్నం గాలి:
క్షమించండి, ఇది తెలియక వైరు లెక్కలు చెప్పాను. అయినా గేటు దగ్గర పెడితే తగాదా తీరుతుందనుకోవడం పొరపాటు. బిల్లు దగ్గర మొదలవుతుంది. 30 యూనిట్ల బ్యాటరీ నెలకి పది సార్లు నింపితే 300 యూనిట్లు. శ్లాబు మారిపోతుంది. నా బిల్లులో 400 దాటిన ప్రతి యూనిట్‌కీ 9.75 పడింది. ఆ భారం పైన బాడుగకున్నవాళ్ళ మీద కూడా పడితే తమ్ముడు ఊరుకుంటాడా? కారు కోసం విడిగా మీటరు తీసుకోండి, మీ పేరు మీద. కరెంటు కంపెనీ మీకు ఎస్పీడీసీఎల్, మాకు సీపీడీసీఎల్, రెండింట్లోనూ ఈవీ ఛార్జింగుకి వేరే కేటగిరీ ఉంది. అప్పుడు పోర్టికోలో పెట్టుకున్నా మాట పడరు.

రెండో అంతస్తు:
విడిగా మీటరు తెచ్చుకుంటే ఇల్లు విడగొట్టినట్టే ఆ పెద్దాయనకి. నేనైతే ఆ పని చెయ్యను. గేటు దగ్గర పెట్టి, ఆయన మాట దక్కించండి.

వైరింగ్ మేస్త్రి:
కొత్తపట్నం ఆయన చెప్పిన మీటరు మాట నాకు నచ్చింది, అది ఒప్పుకుంటాను. వైరు మాట మాత్రం ఒప్పుకోను. ఇంకో దారి ఉంది. గేటు దగ్గర డీబీ, అంటే వైర్లు పంచే పెట్టె, పెట్టి అందులో మీకొకటి, తమ్ముడికొకటి విడివిడిగా దారి వదలండి. ఎవరి దారికి వాళ్ళు 40 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే కట్ చేసే టైప్ ఏ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. తమ్ముడు కారు కొన్నప్పుడు వైరు లాగుతారు, ఇప్పటికి ఖాళీ పైపు చాలు.

పెన్నాగట్టు:
తమ్ముడితో మాట్లాడాను. గంట సేపు. ఛార్జర్ గురించి చివరి పది నిమిషాలే. పోర్టికోలో పెట్టుకోమన్నాడు, కానీ ఖాళీ పైపు మాట నాయన ముందు నన్నే చెప్పమన్నాడు. సాయంత్రం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కొలత టేపు తెచ్చి గేటు దగ్గర ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. సంతకం ఇంకా పెట్టలేదు.

వైరింగ్ మేస్త్రి:
మెట్ల కింద నుంచి కొలిచారా, గోడ వెంబడి కొలిచారా? అది చెప్పండి. పైపు దాన్ని బట్టి తెప్పించాలి.